ఒక్క సర్వర్‌లో నాలుగు నోడ్లు: ఇంటి స్టోరేజ్ ల్యాబ్ చెప్పేదాంట్లో ఏది నమ్మాలి?

స్టోరేజ్ పని నేర్చుకోవాలంటే దాన్ని చెడగొట్టి చూడాలి. డిస్క్ పీకాలి, క్లస్టర్‌లో (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు) ఒక నోడ్‌కి, అంటే ఒక సర్వర్‌కి, పవర్ తీసేయాలి, నెట్‌వర్క్ కోసేయాలి, స్థలం అంచుదాకా నింపాలి. ఇవేవీ ఆఫీసులో చేయనివ్వరు. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఏళ్ల తరబడి స్టోరేజ్ టీంలో ఉన్నవాళ్లలో కూడా క్లస్టర్ కోరం (పని సాగడానికి కావాల్సిన మెజారిటీ) పోవడం కళ్లారా చూసినవాళ్లు తక్కువే. చూసినవాళ్లకైనా ఆ రాత్రి టెన్షన్ తప్ప నేర్చుకునే తీరిక ఉండదు. అమీర్‌పేటలో కోర్సు చేరితే స్లైడ్లు, ఒక రిమోట్ లాగిన్ దొరుకుతాయి. పదిమంది పంచుకునే ఆ క్లస్టర్‌ని కూడా మీ ఇష్టమొచ్చినట్టు కూల్చలేరు.

అందుకే చాలామంది ఒక సర్వర్ కొనుక్కుని, దానిమీద మూడు నాలుగు హైపర్‌వైజర్లను (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) వీఎంలుగా పెట్టి, వాటి లోపల మళ్ళీ వీఎంలు నడుపుతూ, మొత్తాన్నీ ఒక స్టోరేజ్ క్లస్టర్‌గా కట్టుకుంటున్నారు. నెస్టెడ్ వర్చువలైజేషన్ అంటే ఇదే. పద్ధతి పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఇలాంటి ల్యాబ్ కొన్ని విషయాల్లో అచ్చంగా అసలు క్లస్టర్‌లాగే ప్రవర్తిస్తుంది, కొన్నింట్లో మాత్రం హాయిగా అబద్ధమాడుతుంది. ఏ మాట నమ్మాలో తెలియకపోతే వారాల తరబడి కూర్చుని తప్పుడు పాఠం నేర్చుకుంటాం.

హార్డ్‌వేర్‌కి తెలిసింది ఒక్క అంతస్తే

ముందు పేర్లు. అసలు మెషీన్ మీద నేరుగా నడిచే హైపర్‌వైజర్ ఎల్0. దానిమీద వీఎంగా ఉంటూ తనూ హైపర్‌వైజర్‌గా పనిచేసేది ఎల్1. ఎల్1 లోపలి మామూలు వీఎం ఎల్2.

ఒక ప్రాసెసర్‌ని వర్చువలైజ్ చేయాలంటే దానికి ఏ లక్షణాలుండాలో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లోనే సూత్రీకరించారు. ఎక్స్86 ప్రాసెసర్లు ఆ పరీక్షలో నిలవలేదు. వాటిలో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు అధికారం లేని ప్రోగ్రాం వాడినా ఎర్రర్ ఇవ్వకుండా, చప్పుడు చేయకుండా వేరేలా ప్రవర్తించేవి. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్, గెస్ట్ (లోపల నడిచే వీఎం) కోడ్‌ని నడుస్తుండగానే మార్చి రాసుకుంటూ ఈ అడ్డంకిని దాటింది. 2005 చివర్లో ఇంటెల్ వీటీ-ఎక్స్, 2006లో ఏఎండీ-వీ అనే ప్రాసెసర్ సదుపాయాలు వచ్చాక ఆ తంటా తప్పింది. 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో కేవీఎం అనే హైపర్‌వైజర్ నేరుగా కెర్నెల్‌లో చేరింది.

అయితే ప్రాసెసర్ ఇచ్చే ఈ సాయం ఒక్క అంతస్తుకే. కిరాయికి తీసుకున్న ఇంట్లో ఒక గదిని ఇంకొకరికి కిరాయికిచ్చారనుకోండి. ఆ మూడో మనిషికి నల్లా పాడైనా, ఫ్యూజ్ పోయినా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేసేది ఓనర్‌కే, ఎందుకంటే అతని పుస్తకంలో ఉన్న పేరు అదొక్కటే. ఓనర్ విని, మీకు చెబుతాడు. మీరేదైనా రిపేరు చేయించాలంటే మళ్ళీ ఓనర్ అనుమతి కావాలి. ఎల్2లో ఏ అంతరాయం వచ్చినా ప్రాసెసర్ ముందుగా ఎల్0 దగ్గరికే వెళ్తుంది. దీన్ని ఎగ్జిట్ అంటారు. ఎల్0 దాన్ని ఎల్1కి అప్పగిస్తుంది. ఎల్1 ఆ పని చేస్తూ తన గెస్ట్ తాలూకు కంట్రోల్ బ్లాకు (దాని స్థితిని ఉంచే రికార్డు) చదివినా, రాసినా అది కూడా ఒక ఎగ్జిట్ అయి మళ్ళీ ఎల్0కి చేరుతుంది. అలా ఎల్2 వైపు నుంచి ఒకటిగా కనిపించే ఎగ్జిట్ కింద చాలా ఎగ్జిట్లుగా పెరిగిపోతుంది.

ఐబీఎం హైఫా పరిశోధకులు టర్టిల్స్ ప్రాజెక్ట్‌లో దీన్ని ఎలా అదుపులో పెట్టవచ్చో 2010లో చూపించారు. మామూలు పనుల్లో ఒక అంతస్తు వర్చువలైజేషన్‌తో పోలిస్తే తేడా 6 నుంచి 8 శాతం లోపే ఉంచగలిగామన్నారు. 2013లో ఇంటెల్ హాస్వెల్‌తో, కంట్రోల్ బ్లాకు చదవడానికీ రాయడానికీ ప్రతిసారీ ఎగ్జిట్ అక్కర్లేని సదుపాయం వచ్చింది. లినక్స్ 4.20 నుంచి కేవీఎంలో ఇంటెల్ ప్రాసెసర్లకూ నెస్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటోంది. 2018లో స్పెక్టర్ లోపాలు బయటపడ్డాక వేసిన ప్యాచ్‌లు మాత్రం ప్రతి ఎగ్జిట్ ఖరీదునూ కాస్త పెంచాయి.

అంటే ఎల్2లో లెక్కలు చేసే ప్రోగ్రాం దాదాపు మామూలు వేగంతోనే నడుస్తుంది. డిస్కునీ నెట్‌వర్క్‌నీ సెకనుకి వేలసార్లు పలకరించే ప్రోగ్రాం ఈదుతుంది. మనం కట్టబోయేది స్టోరేజ్ ల్యాబ్ కాబట్టి దెబ్బంతా పడేది ఆ రెండో చోటే.

అసలు నెస్టింగ్ అవసరమా?

చాలామంది వేసుకోని ప్రశ్న ఇది. నేర్చుకోవాల్సింది సెఫ్ (చాలా సర్వర్ల డిస్కుల్ని ఒకే స్టోరేజ్‌గా కలిపే సాఫ్ట్‌వేర్) మాత్రమే అయితే నెస్టింగ్ అక్కర్లేదు. ఎల్0 మీద కేవీఎం, దానిమీద నాలుగు మామూలు లినక్స్ వీఎంలు, ఒక్కోదానికి రెండు మూడు వర్చువల్ డిస్కులు ఉంటే సరిపోతుంది. వాటి మీద సెఫ్ నడుస్తుంది, క్లయింట్ ఇంకో వీఎం. ఐస్కజీ (నెట్‌వర్క్ మీద డిస్క్ ఇవ్వడం), మల్టీపాత్ (ఒకే డిస్కుకి రెండు దారులు) నేర్చుకోవడానికీ ఇంతే. ఒక వీఎంలో లినక్స్ టార్గెట్ (డిస్క్ ఇచ్చేది), రెండు వేర్వేరు బ్రిడ్జిల మీద రెండు ఐపీలు, రెండో వీఎంలో ఇనిషియేటర్ (దాన్ని వాడుకునేది). ఒక బ్రిడ్జి దించేస్తే పాత్ మారడం కళ్లముందు కనిపిస్తుంది.

స్టోరేజ్ నోడే హైపర్‌వైజర్ కూడా అయినప్పుడు నెస్టింగ్ కావాలి. వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐ మీద దాని స్టోరేజ్ వీశాన్, కేవీఎంతో నడిచే ప్రాక్స్‌మాక్స్ మీద సెఫ్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ మీద స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్, అంటే హైపర్‌కన్వర్జ్‌డ్ అని పిలిచే రకం. వీఎంని ఒక నోడ్ నుంచి మరోదానికి నడుస్తుండగానే జరపడం, నోడ్ పోతే వీఎం ఇంకోచోట తిరిగి లేవడం, అప్పుడు దాని డిస్క్ ఏ కాపీ నుంచి చదువుతోందో చూడడం, ఇవి ఎల్2 లేకుండా కుదరవు. వీటికోసం కాకుండా ఊరికే మూడు అంతస్తులు కట్టడం మెమరీ దండగ.

ఏది ఎంచుకోవాలన్నది ఉద్యోగం బట్టి. వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో కొనేసింది. 2024 మొదట్లో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని ఆపేసి, 2025లో మళ్ళీ ఇచ్చింది. కానీ వీశాన్ కావాలంటే ఆ ఉచిత లైసెన్స్ సరిపోదు, వీసెంటర్ (హోస్టులన్నింటినీ చూసుకునే సర్వర్) కూడా కావాలి. వీసెంటర్ 8 అతి చిన్న సైజే 14 జీబీ మెమరీ అడుగుతుంది. మీ ఆఫీసులో వీఎంవేరే ఉంటే ఆ ఖర్చుకు అర్థముంది. లేకపోతే ప్రాక్స్‌మాక్స్ ఎల్0గానూ, ఎల్1గానూ పెట్టుకుని సెఫ్‌తో మొదలుపెట్టడమే నయమని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ ఆ జోడీతోనే చెబుతాను.

సెట్టింగుల గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఎల్1 వీఎంకి సీపీయూ రకం హోస్ట్ అని ఇవ్వాలి, లేకపోతే లోపల వర్చువలైజేషన్ ఉన్నట్టే కనిపించదు. ఈఎస్‌ఎక్స్‌ఐలో ఇదే పనికి ఒక టిక్ బాక్స్ ఉంటుంది. హైపర్-వీలో పవర్‌షెల్ నుంచి ఆన్ చేయాలి. అక్కడ విండోస్ సర్వర్ 2016 నుంచి ఇంటెల్‌కి, 2022 నుంచి ఏఎండీకి ఈ సదుపాయం ఉంది.

మెమరీ, కరెంటు, మోత

ప్రాసెసర్ కోర్లను ఉన్నవాటికంటే ఎక్కువగా పంచినా ల్యాబ్ నెట్టుకొస్తుంది. మెమరీ దగ్గర ఆ ఆట సాగదు. సెఫ్‌లో ఒక్కో డిస్కుకి ఒక ఓఎస్‌డీ ప్రాసెస్ నడుస్తుంది. దాని మెమరీ లక్ష్యం డిఫాల్ట్‌గా 4 జీబీ. తగ్గించుకోవచ్చుగానీ 2 జీబీ కంటే కిందికి వద్దని సెఫ్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. నోడ్‌కి రెండు డిస్కులంటే 8 జీబీ. మానిటర్ (క్లస్టర్ స్థితిని ఓట్లతో తేల్చేది), మేనేజర్, ఆపరేటింగ్ సిస్టం కలిపి ఇంకో 5, 6 జీబీ. ఎల్2 వీఎంలకు ఓ 10 జీబీ. అంటే నోడ్‌కి 24 జీబీ, నాలుగు నోడ్లకు 96. 128 జీబీ మెషీన్‌లో ఇది హాయిగా సర్దుకుంటుంది. 64 జీబీతో చేయాలంటే ఓఎస్‌డీలకు 2 జీబీ ఇచ్చి, ఎల్2లను రెండు చిన్న లినక్స్ వీఎంలకు కుదించాలి. స్వాప్ (మెమరీ చాలక డిస్కుని వాడుకోవడం) మీద ఓఎస్‌డీ నడిపితే మాత్రం క్లస్టర్ కారణం లేకుండా డిస్కులు చచ్చిపోయాయని అరుస్తుంటుంది. అది చూసి సెఫ్ మంచిది కాదన్నవాళ్లున్నారు. నోడ్లన్నీ ఒకే ఇమేజ్ నుంచి పుట్టాయి కాబట్టి ఒకేలాంటి మెమరీ పేజీలను కలిపేసే కేఎస్‌ఎం కొంత ఆదా చేస్తుంది. దాన్ని నమ్ముకుని లెక్క వేయొద్దు.

సికింద్రాబాద్ సీటీసీలో తిరిగితే కొత్త డెస్క్‌టాప్ భాగాలూ దొరుకుతాయి, ఆఫీసులు వదిలించుకున్న పాత మెషీన్లూ దొరుకుతాయి. ర్యాక్ సర్వర్ ధరకి చవకే, ఈసీసీ (తప్పులు సరిదిద్దుకునే) మెమరీ బోలెడు పడుతుంది. కానీ దాని చిన్న ఫ్యాన్ల మోత రెండు గదుల ఫ్లాట్‌లో నిద్రపోనివ్వదు. ఏప్రిల్, మేల్లో గది వేడెక్కితే ఆ ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరుగుతాయి. కరెంటు లెక్క కూడా వేసుకోండి. 150 వాట్లు తాగే మెషీన్ రోజంతా నడిస్తే నెలకు 108 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్న ఇల్లయితే ఇదొక్కటే గీత దాటించేయవచ్చు, దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. కాబట్టి పని ఉన్నప్పుడే ఆన్ చేసే ల్యాబ్‌గా కట్టుకోవడం మేలు. అలా రోజూ ఆపి మొదలుపెట్టడం కూడా ఒక పాఠమే. క్లస్టర్‌ని ఏ వరుసలో దించాలి, ఏ వరుసలో లేపాలి అన్నది చేతికి అలవాటవుతుంది.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టాల్సిన చోటు ఎస్ఎస్‌డీ. ఎందుకో చూద్దాం.

ఒక్క రైట్ వెంట నడిస్తే

ఎల్2లోని డేటాబేస్ 4 కేబీ రాసి, ఎఫ్‌సింక్ అడిగిందనుకుందాం. అంటే కరెంటు పోయినా ఇది పోకూడదు, అలా భద్రపరిచాకే నాకు సరే అని చెప్పు అని అడగడం.

ఎల్2 ఫైల్‌సిస్టం ఆ రైట్‌ని తన వర్చువల్ డిస్కుకి పంపుతుంది. అక్కడ ఎగ్జిట్. ఎల్1 దాన్ని అందుకుని సెఫ్ క్లయింట్‌కి ఇస్తుంది. క్రష్ అనే లెక్కతో ఆ బ్లాకు ఏ ఓఎస్‌డీలకు చెందుతుందో క్లయింటే తేల్చుకుంటుంది, మధ్యలో ఎవరినీ అడగదు. ప్రధాన ఓఎస్‌డీ వేరే నోడ్‌లో ఉంటే వర్చువల్ నెట్‌వర్క్ మీద అక్కడికి ప్రయాణం. ఆ ప్రధాన ఓఎస్‌డీ మిగతా రెండు నోడ్లకు కాపీలు పంపుతుంది. మూడు చోట్లా బ్లూస్టోర్ (ఓఎస్‌డీలో డిస్క్ మీద రాసే భాగం) డేటానీ, దానికి సంబంధించిన మెటాడేటానీ రాసి ఫ్లష్ (నిజంగా డిస్కులోకి దించమని) అడుగుతుంది. ఆ మూడు ఫ్లష్‌లూ మూడు వేర్వేరు వర్చువల్ డిస్కుల నుంచి ఎల్0కి వచ్చి, చివరికి ఒకే ఒక్క అసలు ఎస్ఎస్‌డీ ముందు క్యూ కడతాయి. మూడూ రాసిందాకా ఎల్2లోని డేటాబేస్‌కి జవాబు రాదు.

అసలు క్లస్టర్‌లో ఈ మూడు రైట్లు మూడు సర్వర్లలోని మూడు డిస్కుల మీద ఒకేసారి జరుగుతాయి. ఇక్కడ ఒక దాని మీదే జరుగుతాయి. కాబట్టి ఈ ల్యాబ్‌లో ఎఫ్‌ఐఓ (డిస్క్ వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపి ఎన్ని ఐఓపీఎస్ (సెకనుకి జరిగే రీడ్లు, రైట్లు) వచ్చాయని చూడడం మీ ఎస్ఎస్‌డీ ఓపికను కొలవడమే, సెఫ్‌ని కాదు. ఇంటర్వ్యూలో ఆ అంకె చెబితే తెలిసినవాళ్లు అడిగే తర్వాతి ప్రశ్నకి చిక్కుపడిపోతారు.

మామూలు వినియోగదారుల ఎస్ఎస్‌డీలు డబ్బా మీద లక్షల ఐఓపీఎస్ రాసుకుంటాయి. ఒక్కో రైట్‌కీ ఫ్లష్ అడిగేసరికి వందల్లోకో, కొద్ది వేలల్లోకో పడిపోతాయి. ఎందుకంటే ఫ్లష్ వచ్చిన ప్రతిసారీ అవి తమ ర్యామ్‌లో దాచుకున్నది నిజంగా ఫ్లాష్‌లోకి దించాలి. సర్వర్ రకం ఎస్ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా ర్యామ్‌లో ఉన్నది దించేంత శక్తి వాటిలో నిల్వ ఉంటుంది గనుక అవి వెంటనే సరే అనేయగలవు. వాడిన సర్వర్ ఎస్ఎస్‌డీ ఒకటి, కొత్త గేమింగ్ ఎస్ఎస్‌డీ ఒకటి ఒకే ధరకి దొరికితే మిగిలిన ఆయుష్షు చూసుకుని మొదటిదే తీసుకోండి.

ఇక ఎల్0లో ఆ వర్చువల్ డిస్కులు దేనిమీద ఉండాలి? చాలామంది అలవాటుగా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టం పెడతారు. జెడ్‌ఎఫ్‌ఎస్ గొప్పదే, కానీ ఇక్కడ తప్పు అంతస్తులో ఉంది. అది పాత బ్లాకు మీద రాయదు, ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది. 16 కేబీ బ్లాకులతో చేసిన వాల్యూమ్‌లో 4 కేబీ మార్చాలంటే 16 కేబీ చదివి, 16 కేబీ రాయాలి. మూడు కాపీలకు 48 కేబీ, మెటాడేటా కాకుండానే. దానికి తోడు జెడ్‌ఎఫ్‌ఎస్ తన క్యాష్ కోసం మెమరీ తీసుకుంటుంది, మనకు కరువైనదే అది. క్యూకౌ2 (ఒక రకం వర్చువల్ డిస్క్) ఫైళ్లదీ ఇంచుమించు ఇదే కథ. తెలివితేటలన్నీ ఎల్1లో నేర్చుకుంటున్నాం కాబట్టి ఎల్0 వీలైనంత మొద్దుగా ఉండాలి. ముడి ఎల్‌వీఎం (డిస్కుని భాగాలుగా పంచే లినక్స్ పనిముట్టు) వాల్యూమ్‌లు చాలు. ఎన్‌వీఎంఈలు (వేగవంతమైన రకం ఎస్ఎస్‌డీలు) రెండు మూడు ఉంటే వాటిని నేరుగా ఎల్1లకు అప్పగించేయడం వేగానికి ఇంకా మంచిది, దాని ఇబ్బంది స్నాప్‌షాట్ల దగ్గర చెబుతాను.

ఈ పొరల్లో కనపడకుండా ఉండే చిన్న మోసం ఇంకోటి ఉంది. క్యూఎము (కేవీఎంతో కలిసి వీఎంకి పరికరాలు చూపించే ప్రోగ్రాం) ఇచ్చే వర్చువల్ డిస్క్ మామూలుగా తనను తిరిగే డిస్కుగా పరిచయం చేసుకుంటుంది. సెఫ్ నమ్మేసి దాన్ని హార్డ్‌డిస్క్ తరగతిలో వేసి, చిన్న రైట్లను ముందు లాగ్‌లో రాసి తర్వాత అసలు చోటికి మార్చే దారి పట్టిస్తుంది. కింద ఎన్‌వీఎంఈ ఉన్నా సరే. ప్రాక్స్‌మాక్స్‌లో ఎస్ఎస్‌డీ ఎమ్యులేషన్ టిక్ పెడితే ఇది సరిపోతుంది. వీశాన్‌లో కూడా క్యాష్ డిస్కు ఎస్ఎస్‌డీ అని వర్చువల్‌గా ముద్ర వేయకపోతే డిస్క్ గ్రూప్ తయారుకాదు.

స్థలం విషయంలో కూడా పొరలు ఒకదాని మాట ఒకటి వినవు. ఎల్2లో 50 జీబీ ఫైల్ చెరిపితే, డిస్కార్డ్ (ఖాళీ అయిన చోటు గురించి కిందికి చెప్పడం) ఆన్‌లో ఉంటే, సెఫ్‌కి తెలుస్తుంది, దాని లెక్కలో ఖాళీ పెరుగుతుంది. కానీ బ్లూస్టోర్ డిఫాల్ట్‌గా తన కింది డిస్కుకి ఆ కబురు పంపదు. ఎల్0లోని థిన్ (వాడేకొద్దీ స్థలం తీసుకునే) వాల్యూమ్‌కి మాత్రం ఆ 150 జీబీ, అంటే మూడు కాపీలదీ, ఇంకా వాడుకలో ఉన్నట్టే. థిన్ పూల్ అలా పెరుగుతూపోయి ఒకరోజు నిండిపోతుంది. అప్పుడు నోడ్లన్నీ కలిసి ఒకేసారి డిస్క్ ఎర్రర్లు చూస్తాయి. సెఫ్ డ్యాష్‌బోర్డ్‌లో సగం ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. ఓఎస్‌డీల కింద థిన్ వాడకుండా పూర్తి స్థలం ముందే కేటాయించడం సుఖం.

కరెంటు పోయినట్టు నటించడం

ల్యాబ్‌లో అందరూ చేసే మొదటి పరీక్ష ఒక నోడ్‌ని షట్‌డౌన్ చేయడం. అది పరీక్షే కాదు, ఎందుకంటే షట్‌డౌన్‌లో ప్రతి ప్రాసెస్ మర్యాదగా సెలవు తీసుకుంటుంది. వీఎంని ఒక్కసారిగా స్టాప్ కొట్టడం కాస్త నయం. అయినా అది కరెంటు పోవడంతో సమానం కాదు.

వీఎంని చంపినప్పుడు ఎల్0 బతికే ఉంటుంది. ఆ వీఎం రాసినదేదైనా ఎల్0 కెర్నెల్ దాకా చేరి ఉంటే, అది ఇంకా ఎస్ఎస్‌డీలోకి దిగకపోయినా, పోదు. డిస్క్ క్యాష్ మోడ్‌ని అన్‌సేఫ్ అని పెట్టినా సరే, అంటే ఫ్లష్‌లను పట్టించుకోకుండా వదిలేసినా, ముడి వాల్యూమ్ మీద ఈ పరీక్ష పాసైపోతుంది. ల్యాబ్ వేగంగా ఉందని అన్‌సేఫ్ పెట్టుకుని, నోడ్లను పదేపదే చంపి చూసి, చెక్కుచెదరలేదని సంతోషపడడం చాలా తేలిక. నిజంగా ఇంటి కరెంటే పోయిన రోజు మూడు కాపీలూ ఒకేసారి పాడవుతాయి. మామూలు వాడుకకి నన్ అనే మోడ్ పెట్టండి. అది ఎల్0 పేజీ క్యాష్‌ని పక్కనపెడుతుంది, ఫ్లష్‌లను కిందికి చేరవేస్తుంది. ఇన్‌స్టాలేషన్ చేసేటప్పుడో, చెరిపేయబోయే ల్యాబ్‌కో అన్‌సేఫ్ వాడితే తప్పులేదు.

నిజమైన డిస్క్ లోపాలు చూడాలంటే లినక్స్ డివైస్ మ్యాపర్‌లో మంచి పనిముట్లు ఉన్నాయి. డీఎం-ఫ్లేకీ కొన్ని సెకన్ల పాటు డిస్క్ బాగా పనిచేసేలా, తర్వాత కొన్ని సెకన్లు ఎర్రర్లు ఇచ్చేలా లేదా రైట్లను చప్పుడు లేకుండా పారేసేలా చేస్తుంది. డీఎం-డిలే ప్రతి ఐఓకి మీరు చెప్పినన్ని మిల్లీసెకన్లు కలుపుతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. చచ్చిన డిస్క్ క్లస్టర్‌కి పెద్ద సమస్య కాదు, దాన్ని పక్కనపెట్టి ముందుకెళ్తుంది. చావకుండా నీరసించిన డిస్కే ప్రాణం తీస్తుంది. ఒక్క ఓఎస్‌డీ డిస్కుకి 200 మిల్లీసెకన్లు కలిపి చూడండి. క్లస్టర్ హెల్త్ చాలాసేపు పచ్చగానే ఉండొచ్చు, ఎల్2లో మాత్రం డేటాబేస్ ఈసురోమంటుంది. ప్రతి రైట్‌కీ మూడు కాపీల్లో అతి నెమ్మదైనది జవాబిచ్చేదాకా ఆగాలి కాబట్టి. ఏ ఓఎస్‌డీ నెమ్మదిగా ఉందో లాటెన్సీ లెక్కల్లో వెతికి పట్టుకోవడం ఉద్యోగంలో రోజూ పనికొచ్చే నైపుణ్యం.

పనితీరు పోలికలు కావాలంటే కూడా దారి ఇదే. ప్రతి వర్చువల్ డిస్కుకీ క్యూఎములో ఐఓపీఎస్ పరిమితి పెట్టండి. 150 అనుకుందాం, ఒక హార్డ్‌డిస్క్ అంత. అసలు ఎస్ఎస్‌డీకి తీరిక మిగిలేంత తక్కువ పరిమితులు పెడితే, నోడ్లు ఒకదాన్నొకటి తొక్కుకోవు. అప్పుడు రెండు కాపీలకూ మూడు కాపీలకూ, రెప్లికాకీ (పూర్తి కాపీలు) ఇరేజర్ కోడింగ్‌కీ (డేటాని ముక్కలు చేసి, అదనపు లెక్కల ముక్కలతో కాపాడడం) తేడా ఎటువైపు ఎంత మొగ్గుతుందో కాస్త నమ్మదగ్గట్టు కనిపిస్తుంది.

మూడు నోడ్లు ఎందుకు చాలవు

పైన నాలుగు నోడ్లు అంటూ వచ్చాను, కారణం ఉంది. సెఫ్ డిఫాల్ట్‌గా మూడు కాపీలు, మూడు వేర్వేరు హోస్టుల్లో పెడుతుంది. కనీసం రెండు ఉన్నంతవరకు రైట్లు ఒప్పుకుంటుంది. మూడు నోడ్ల క్లస్టర్‌లో ఒకటి పోతే డేటా అందుతూనే ఉంటుంది, కానీ మూడో కాపీ పెట్టడానికి మూడో హోస్ట్ లేదు. క్లస్టర్ అలా కుంటుతూ ఉండిపోతుంది. తనంతట తాను కోలుకోవడం, అంటే సెఫ్ అసలు గొప్పతనం, మీకు కనిపించనే కనిపించదు. నాలుగో నోడ్ ఉంటే, పోయిన ఓఎస్‌డీలను డిఫాల్ట్‌గా 600 సెకన్ల తర్వాత లెక్కలోంచి తీసేసి, వాటి కాపీలను మిగతా చోట్ల మళ్ళీ కట్టడం మొదలవుతుంది. వీశాన్‌లోనూ ఇదే తర్కం. ఒక లోపాన్ని తట్టుకునే మిర్రర్‌కి మూడు హోస్టులు చాలు, మళ్ళీ కట్టుకోవాలంటే నాలుగు కావాలి. అక్కడ నిరీక్షణ డిఫాల్ట్‌గా 60 నిమిషాలు. ఆ గంటసేపు ఏమీ జరగట్లేదని కంగారుపడి ఇంకో హోస్ట్‌ని రీబూట్ చేయడం ఆఫీసుల్లో జరిగే పనే.

మానిటర్లు మాత్రం మూడే ఉంచండి. సగానికి మించి బతికుంటేనే కోరం. నాలుగు పెట్టినా ఒక్కటి పోవడాన్నే తట్టుకుంటుంది, మూడున్నా అంతే. రెండు మానిటర్లను చంపి, డిస్కులన్నీ క్షేమంగా ఉండి కూడా క్లస్టర్ ఎలా స్తంభించిపోతుందో ఒకసారి చూడాలి. ఆ దృశ్యం చూసినవాళ్లకి రెండు నోడ్ల క్లస్టర్‌కి మూడో చోట ఒక సాక్షి ఎందుకు అడుగుతారో వేరే చెప్పక్కర్లేదు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచినప్పుడు అందులో మూడు అవైలబిలిటీ జోన్లు పెట్టింది. ఒకటి పోయినా మిగతా రెండూ మెజారిటీగా నిలబడే ఏర్పాటు మూడుతోనే మొదలవుతుంది.

మన ల్యాబ్‌లో నోడ్లన్నీ ఒకే పవర్ సప్లై మీద ఉన్నాయి. అన్నీ ఒకేసారి పోవడం ఇక్కడ అతి మామూలు ప్రమాదం, అసలు డేటా సెంటర్‌లో అతి అరుదు. కాబట్టి ఈ ల్యాబ్ ఎన్నాళ్లు పడకుండా నడిచిందన్నది దేనికీ రుజువు కాదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, బ్యాటరీ మీదకి వెళ్లగానే ఎల్2లు, తర్వాత ఎల్1లు, చివరికి ఎల్0 వరుసగా ఆగేలా రాసుకోండి.

స్థలం నింపే పరీక్ష కూడా మర్చిపోవద్దు. సెఫ్ డిఫాల్ట్‌గా ఒక ఓఎస్‌డీ 85 శాతం నిండితే హెచ్చరిస్తుంది, 90 దగ్గర దానిమీదకి రికవరీ డేటా రానివ్వదు, 95 దగ్గర రైట్లు ఆపేస్తుంది. 70 శాతం నిండిన నాలుగు నోడ్ల క్లస్టర్‌లో ఒకటి పోతే మిగతా మూడూ 93కి చేరతాయి. లెక్క కాగితం మీద వేస్తే సులువే. రికవరీ మధ్యలో ఆగిపోయి కూర్చోవడం స్క్రీన్ మీద చూస్తే మాత్రం ఇక ఏ క్లస్టర్‌నీ 70 దాకా నింపబుద్ధి కాదు.

నెట్‌వర్క్, గడియారం, స్నాప్‌షాట్

ఎల్2 నెట్‌వర్క్‌కి పింగ్ వెళ్లకపోతే చాలావరకు కారణం మ్యాక్ అడ్రస్. ఎల్1 కార్డు వెనకాల తనకు తెలియని మ్యాక్‌లు కనిపిస్తే ఈఎస్‌ఎక్స్‌ఐ స్విచ్ వాటిని పారేస్తుంది. ప్రామిస్క్యుయస్ మోడ్, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ ఒప్పుకునేలా పెట్టాలి. హైపర్-వీలో మ్యాక్ స్పూఫింగ్ ఆన్ చేయాలి. లినక్స్ బ్రిడ్జి తనంతట తానే నేర్చుకుంటుంది గనుక ప్రాక్స్‌మాక్స్‌లో ఈ గొడవ తక్కువ. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టదలిస్తే దారిలో ప్రతి చోటా పెట్టాలి. ఒక్కచోట 1500 మిగిలిపోతే పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ప్యాకెట్లు మాత్రం మాయమై ఓఎస్‌డీలు ఒకదానికొకటి దొరకక వేలాడుతుంటాయి. ఒకే మెషీన్‌లోపలి ట్రాఫిక్‌కి 9000 వల్ల మీకు ఒరిగేది కూడా పెద్దగా లేదు, నేర్చుకోవడానికి తప్ప.

సెఫ్ మానిటర్ల గడియారాల మధ్య 0.05 సెకను తేడా దాటితే హెచ్చరిక వస్తుంది. వీఎంలను సస్పెండ్ చేసి లేపితే ఇది మామూలే. అన్ని నోడ్లూ ఎల్0 నుంచే సమయం తీసుకునేలా క్రోనీ (గడియారాలను కలిపే ప్రోగ్రాం) పెడితే చాలు.

స్నాప్‌షాట్ల దగ్గర అంత తేలిగ్గా తీసుకోకూడదు. ల్యాబ్ సుఖమంతా చెడగొట్టి వెనక్కి వెళ్లగలగడంలోనే ఉంది. కానీ ఒక్క నోడ్‌ని మాత్రమే నిన్నటికి తిప్పితే, అది నిన్నటి నుంచి తాను రాశానని ఒప్పుకున్నవన్నీ మర్చిపోయిన నోడ్ అవుతుంది. చచ్చిన డిస్కుని ఎలా చూసుకోవాలో సెఫ్‌కి తెలుసు. తాను ఇచ్చిన మాట మర్చిపోయిన డిస్క్ దాని ఊహలో లేదు. మానిటర్ విషయంలో ఇంకా ప్రమాదం, పాత ఓట్లతో కొత్త సభలో కూర్చుంటుంది. కాబట్టి ఎల్2లను ఆపి, ఎల్1లన్నింటినీ ఆపి, అప్పుడు అన్నింటికీ కలిపి స్నాప్‌షాట్ తీయండి, అన్నింటినీ కలిపే వెనక్కి తిప్పండి. ఓఎస్‌డీ డిస్కులు ఎల్1లకి నేరుగా అప్పగించిన ఎన్‌వీఎంఈలైతే ఈ వెసులుబాటు పోతుంది, ఎందుకంటే వాటికి ఎల్0 స్నాప్‌షాట్ తీయలేదు. వేగం, వెనక్కి వెళ్లగలగడం, రెండిట్లో ఒకటే. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

ఇంత చేసినా ఈ డబ్బాలోకి రానివి ఉన్నాయి. ఫైబర్ చానెల్ జోనింగ్ (స్టోరేజ్ నెట్‌వర్క్‌లో ఏది దేన్ని చూడాలో పంచడం), అసలు స్విచ్ ముందు కూర్చుంటేగానీ రాదు. ఆర్‌డీఎంఏ కార్డులు, హెచ్‌బీఏ ఫర్మ్‌వేర్ తిక్కలు, వదులైన కేబుల్ వల్ల గంటకోసారి వచ్చే సీఆర్‌సీ ఎర్రర్లు, డ్రైవ్ బేలో ఏ లైటు వెలిగితే ఏ డిస్క్ పీకాలన్నది, వీటికి నమూనాలు లేవు. చివరిది మరీ ముఖ్యం. ఒక డిస్క్ పోయిన నోడ్‌లో పక్కనున్న మంచి డిస్క్ పీకేయడం చిన్న లోపాన్ని పెద్దది చేస్తుంది. ల్యాబ్‌లో దీనికి కొంత సాధన చేయవచ్చు. ప్రతి వర్చువల్ డిస్కుకీ విడి సీరియల్ నంబర్ ఇచ్చి, తీసేసే ముందు ఎల్1లో కనిపించే సీరియల్‌నీ, ఎల్0లో తీయబోయే వాల్యూమ్‌నీ పోల్చుకోవడం అలవాటు చేసుకోండి. డిస్కుల వరుస సంఖ్యల్ని నమ్మొద్దు, రీబూట్ అయితే అవి మారిపోతాయి.